అక్క మిస్డ్ కాల్

మంగళవారం, రాత్రి

నెట్టు వాడనోనికి గూడ నెట్టు కలిపి రీచార్జి ఎందుకు అమ్ముతరని ఎన్నేండ్ల సంది అడుగుతున్న, ఒక్కడు చెప్పడు. గాజులరామారంల ఒక్కతే ఉండే మా అక్క రోజూ పొద్దూకంగ మిస్డ్ కాల్ ఇస్తది. మోగితె మంచిగున్నదన్నట్టు. నిన్న మోగలే. పొద్దుగాల్నే మేడ్చల్‌ల బస్సెక్కి ఉరికిన.

"నేను మంచిగనే ఉన్నరా, నీ ఫోనే సచ్చింది" అని నవ్వింది. రీచార్జి అయిపోతె వచ్చే కాల్ గూడ బందంట.

"టవర్ల ఖర్చు పెరిగింది తాతా" అన్నడు రీచార్జి దుకాణపోడు. ఆ టవర్ నా పొలంలనే ఉన్నది గదరా! దాని జనరేటర్ మోతకు నాకు నిద్ర లేదు.

కాళ్లు గుంజుతున్నయి. అక్కకు నిజంగ ఏమన్న అయితె నాకెట్ల ఎరుక?

రేపు కంపెనీ మనిషి డీజిల్ పోయనీకి వస్తడు. నెట్టు లేకుంట ఉత్త మాటలే మాట్లాడేటోనికి అగ్గువ ప్లాన్ ఉన్నదా లేదా, సోమారం లోపల కంపెనీ చెప్పాలెనని ఆయనతోని అంట. లేకుంటె టవర్ గేటుకు నా తాళం పడ్తది.