లారీకి కట్టిన బూటు

తమ్ముడు శరణప్పకు అక్క రాస్తున్నది. నిన్నటి నుంచి నీ ఫోను కలుస్తలేదు. నాకు ఫికర్ పట్టుకున్నది.

దిష్టికి లారీ ఎనక కట్టుకుంటనంటే మా మనుమడు విఠల్ ఆడి విడిచిన కుడికాలి బూటు నీకిచ్చిన గద. ఇయ్యకుంటే బాగుండు. వాడు బాస్కెట్‌బాల్ ఆడే బతుకుతడు. రైల్వే టీములకెల్లి ఇప్పుడు పుణె టీములకు ఎక్కిండు. ఐతారం ఆటల దుంకకపోతే తీసేస్తరట.

నీ బండి బొంబాయి తొవ్వ పట్టిన కాడి నుంచి వాని కుడికాలు ఒకటే మంట. ఎక్సురేల ఏం లేదన్నరు. "నానమ్మా, సాక్సు ఇప్పితే డీజిల్ వాసనొస్తున్నది" అంటడు. నువ్వు ఘాట్ రోడ్డు మీద వానల చిక్కినవని మరదలు చెప్పింది. ఆ పూటనే రూముల కూసున్న వాని సాక్సు తడిసిందట.

జర బండి ఆపి ఆ బూటు ఇప్పు. తాడు కొయ్యకు, ముడి ఇప్పు. బట్టల చుట్టి తీస్కరా.

ఈ చిట్టి అటు పోయే డ్రైవరుకు ఇద్దామని మడుస్తుంటే విఠల్ ఫోన్ చేసిండు. మంట పోయిందట. కాని ఆ కాలు ఉన్నట్టే తెలుస్తలేదట. తమ్మీ, బూటు ఎక్కడన్న ఊడి పడ్డదా? బండి ఎనకకు మలుపు, తొవ్వంత ఎతుకు. దాని మీదికెల్లి బండ్లు పోకముందే దొరకాలె.

నీ అక్క