వాన నీళ్లు పడ్డ పెట్రోల్

ఆదివారం, రాత్రి

రేపు మహబూబాబాద్‌లో నా టీచరు పరీక్ష. తెలంగాణ కోసం సమ్మె కదా, వాయిదా వేస్తారనుకున్నాం, వేయలేదు. తెలంగాణ రావాలని నాకూ ఉంది. కానీ ఈ పరీక్ష తప్పితే మళ్లీ ఎప్పుడు పెడతారో. బస్సుల్లేవు, రైళ్లు లేవు, అన్న కారే దిక్కు. బంకులు మూస్తారని అన్న డబ్బాలో దాచిన పెట్రోల్‌లో వాన నీళ్లు పడ్డాయి.

"నీళ్లు అడుక్కు దిగుతయి. పైది గుడ్డల వడగట్టి పోస్త, ఎప్పుడూ చేసేదే," అన్నాడు అన్న.

"గది ఎనకటి పెట్రోల్. ఇప్పుడు ఇథనాల్ కలుపుతున్రు. అది నీళ్లను పట్టుకుంటది."

"ఇంకా నౌకరే రాలే, అప్పుడే పాఠమా పంతులమ్మా?"

డబ్బాలోది కొంచెం గాజు సీసాలో పోసి ఊపి చూపించాను. మబ్బుగా అయిపోయింది, ఎంతసేపైనా తేటపడలేదు. అన్న నవ్వు ఆగింది.

"ట్యాంకుల ఉన్నది జరంతనే. దారిల ఆగితే ఎట్లనే?"

"కురవి దాక పోతే చాలు. ఆడికెంచి మహబూబాబాద్ పది కిలోమీటర్లే, నడుస్త."

అన్న డబ్బాకు మూత పెట్టేశాడు. నేను చెప్పులు తలుపు దగ్గర పెట్టుకున్నాను. మంచం మీద కూర్చుని ఇదంతా వింటున్న మా బాపు లేచాడు. తన చెప్పులు తెచ్చి నా వాటి పక్కన పెట్టాడు.