హేమశ్రీని అడిగారట, నన్నడగలేదు

రాజమహేంద్రవరం,
ది. 14-6-2006

గట్టు మీది ధర్మాసుపత్రి సూపరింటెండెంటు గారికి, కొవ్వూరు నివాసి, పెళ్ళి వంటల జట్టులో పనిచేయు దుర్గాశ్రీ చేసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: ఆసుపత్రి కంప్యూటరులో నన్ను పురుషుడనియు, హేమశ్రీని స్త్రీయనియు నమోదు చేయుట గురించి.

1. నేను మగపిల్లవాడిగా పుట్టినను, ఊహ తెలిసిన నాటి నుండి ఆడదానిగానే బతుకుచున్నాను. గుండిగలు ఎత్తి ఎత్తి హెర్నియా వచ్చి, ఆపరేషన్ నిమిత్తం తమ ఆసుపత్రికి వచ్చితిని. కౌంటరులో చిట్టియ్య గారు నా మొహం చూసి, ఏమీ అడగకుండా 'మగ' అని కొట్టినారు. మగవార్డులో మంచం వేసినారు. చీర కట్టుకుని వారి మధ్య పడుకొనలేక ఆపరేషన్ మానుకుని పోయితిని. ఇంకా ఆలస్యమైతే పేగు మెలిపడి ప్రాణం మీదకు వచ్చునని డాక్టరు గారు చెప్పియున్నారు.

2. నాతో ఒకే గదిలో ఉండు హేమశ్రీదియు నా వంటి పుట్టుకే. ఆమె నిమోనియాతో వచ్చిన నాడు కౌంటరులో రూతు గారున్నారు. "నిన్నేమని రాయమంటావమ్మా?" అని అడిగారట. ఆడవార్డు ఇచ్చారు, అందులోనూ కిటికీ పక్క మంచం. ఆ ముచ్చట వీధిలో అందరికీ చెప్పుచున్నది.

3. ఆమెకు చీర కుచ్చిళ్ళు పెట్టడం నేర్పినది నేను. ఆమె గొంతు సన్నము. పనసపొట్టు కొట్టి కొట్టి నా చేతులు మోటుబారినవి. ఇంతమాత్రాన ఆమె ఎక్కువ ఆడది, నేను తక్కువ ఆడది ఎట్లగునో తెలియకున్నది. దాచేదేముందండీ, నాకు కుళ్ళుగా ఉంది. అన్నం ముందు కూర్చున్నా ఆ కిటికీ పక్క మంచమే గుర్తొస్తోంది. "నువ్వూ వెళ్ళి అడగవే" అంటుంది హేమశ్రీ. తనను అడుక్కోమన్నారా ఎవరైనా?

4. కావున నన్నును స్త్రీయని దిద్దించవలెను. వీలుకాని యెడల హేమశ్రీదియు కొట్టివేసి ఇద్దరినీ సమానము చేయవలెను.

నా గోడు చిత్తగించి, తగు ఉత్తర్వులు దయచేయవలెనని ప్రార్థించు

తమ విధేయురాలు,
దుర్గాశ్రీ (వేలిముద్ర)

తా.క.: అయ్యా, ఆమె చెబుతుంటే పై అర్జీ రాసింది నేనేనండి, హేమశ్రీని. ఆమెకు చదువు రాదు. ఈ ముక్క రాస్తున్నట్టు తెలియదు. నాకు నిమోనియా వచ్చినప్పుడు ఆ హెర్నియా నొప్పితోనే నన్ను ఆటో దాకా ఎత్తుకొచ్చింది. కావాలంటే నాది కొట్టేయండి. ఆమె ఆపరేషన్ మాత్రం ఆడవార్డులో కానివ్వండి. కౌంటరులో ఎవరైనా సరే, రాసే ముందు ఒక్కసారి ఆమెను అడగండి. జవాబు ఆమే చెబుతుంది.