మూత పెట్టిన కొలిమి

20 జనవరి 2025, సోమవారం

కొలిమికి నోటీసు వచ్చింది. కొత్త డైరీలో ఇదే మొదటి సంగతి కాబట్టి వివరంగా రాసుకుంటున్నాను.

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు దాటాక లోపలి సందులో మా అల్యూమినియం కొలిమి. దాని వెనకే ఇల్లు. పాత వంటగిన్నెలు కరిగించి బాండ్లీలు, మోటారు పంపుల మూతలు పోస్తారు. మెకానిక్ షెడ్లు పారబోసే వేస్టాయిలే ఇంధనం. ఇకమీద అది కాల్చకూడదట. ఫిబ్రవరి ఆఖరులో తనిఖీ. అప్పటికీ నల్లపొగ వస్తే మూసేస్తారు.

మా ఆయన నూరుల్లా రెండుసార్లు చదివి కాగితాన్ని గోడ మేకుకు గుచ్చాడు. అన్నం తిన్నాడు. తర్వాత కువైట్‌లో ఉన్న తమ్ముడు అబ్దుల్ వాహిద్‌కు ఫోన్ చేసి డ్రైవర్ వీసా దొరుకుతుందా అని అడిగాడు. ఆయనకు యాభై మూడేళ్లు. నేను అదే గదిలో బట్టలు మడుస్తున్నాను. 

21 జనవరి

మా కొలిమి మీద అర్జీ పెట్టింది వెనకింటి చిన్నసుబ్బమ్మ. తనే వచ్చి చెప్పింది. ఆమె మనవడికి ఆయాసం.

"నీ మీద కోపం లేదు మహమూదా. నీ పొగ మీద కోపం" అంది. టీ తాగే వెళ్లింది.

28 జనవరి

కడప నుంచి రేణుక అనే ఇంజనీరు వచ్చింది. చిన్న ఫౌండ్రీలకు సలహా ఇచ్చే పథకమట. కొలిమి చుట్టూ తిరిగి, మంట దగ్గర చెయ్యి పెట్టి చూసి, వేడిలో ముప్పాతిక వంతు ఆకాశానికే పోతోందని చెప్పింది. లోపలి గోడకు సిరామిక్ దుప్పటి, పైన మూత, ఆయిల్ బదులు గ్యాస్ బర్నర్. కరిగించేవాళ్లు ముఖానికి అడ్డంగా పెట్టుకునే అద్దం కూడా ఇచ్చింది.

మూత పెడితే లోహం రంగు ఎలా కనపడుతుందని ఆయన అడిగాడు. రంగు చూసి ఎప్పుడూ ఎక్కువే కాగబెడుతున్నారని ఆమె అంది. ఆయనకు నచ్చలేదు.

మూత పెట్టకుండా వండే ఆడదాన్ని నేను ఈ సందులో చూడలేదు. మూత పెట్టకుండా ముప్పై ఏళ్లు కరిగించిన మనిషితో కాపురం చేస్తున్నాను. ఇన్నాళ్లూ నాకూ తట్టలేదు.

5 ఫిబ్రవరి

మూత బిగించారు. బర్నర్ నీలంగా మండింది. కొలిమి దగ్గర పనిచేసే కుళ్లాయప్ప ఇది కొలిమా కాఫీ హోటలా అని నవ్వాడు.

పొగ సగం తగ్గింది. మిగతా సగం గిన్నెల నుంచే వస్తోంది. మసి, మాడిన నూనె, పిడులకు అంటిన జిడ్డు. కరిగేటప్పుడు అదంతా కాలి నల్లగా లేస్తోంది. గీకి వెయ్యమని రేణుక ఫోన్‌లో చెప్పింది. గీకితే పైపైనే పోతోంది.

8 ఫిబ్రవరి

గిన్నెలు కడగడం నాకు తెలిసిన పని. ఇది నేను చేస్తానన్నాను.

పులివెందుల, వేంపల్లె వైపు నుంచి పాత గిన్నెలు తెచ్చేది నయీం. ఆటోలో ఎక్కువ పట్టడానికి సుత్తితో చదును చేసి తెస్తాడు. మడతల్లో మురికి ఇరుక్కుంటుంది కాబట్టి ఈసారి కొట్టకుండా తెమ్మన్నాను. సత్తుగిన్నెలకు ఇంత మర్యాదేంది వదినా అన్నాడు. తెచ్చాడు.

9 ఫిబ్రవరి, ఆదివారం

సోడా వేసిన వేడినీళ్లలో నానబెట్టాను. పీచుతో తోమాను. చిన్నసుబ్బమ్మ గోడ మీద నుంచి చూసి, పెళ్లి ఏమైనా కుదిరిందా అని అడిగింది.

కాగిన లోహంలో తడి పడితే పేలుతుందని కొలిమి ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకని లోపలా బయటా గుడ్డతో తుడిచి మిద్దె మీద బోర్లించాను. రెండు రోజులు ఎండనిస్తాను.

11 ఫిబ్రవరి

కుళ్లాయప్పకు కాలింది. ఆసుపత్రిలో ఉన్నాం. రేపు రాస్తాను.

12 ఫిబ్రవరి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండు గంటలప్పుడు మొదటి గిన్నెలు కరిగి, కొలిమిలో లోహం కరిగే కుండ, అదే మూస, సగం నిండింది. పొగ లేదు. ఆయన బయటికి వెళ్లి ఆకాశం చూసి వచ్చాడు. కుళ్లాయప్ప ఇంకో గిన్నె తీసుకుని, అలవాటు ప్రకారం లోపల తడి లేదని అరచేత్తో రాసి చూసుకుని, పట్టకారుతో దించాడు. బాంబు పేలినట్టు చప్పుడైంది. కరిగిన లోహం పైకి ఎగిరింది. కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది, మెడ మీద కొంచెం. ముఖం అద్దం పెట్టుకుని ఉన్నాడు కాబట్టి కళ్లు దక్కాయి.

ఆసుపత్రి నుంచి వచ్చాక మిద్దె ఎక్కాను. మిగిలిన గిన్నెలు పొడిగానే ఉన్నాయి. ఒకదాన్ని ఎత్తి ఊపాను. చప్పుడైంది.

గిన్నె అంచును రేకు బయటికి చుట్టి మడుస్తారు, చెయ్యి కోసుకోకుండా. ఆ మడత లోపల సన్నటి గొట్టంలా బోలుగా ఉంటుంది. నానబెట్టినప్పుడు అందులోకి నీళ్లు దూరాయి. ఎండకు రాలేదు, గుడ్డకు అందలేదు. ఇన్నేళ్లూ ఇలా కాలేదంటే నయీం సుత్తి దెబ్బలకు అంచులు పగిలి తెరుచుకుని ఉండేవి కాబట్టి. కొట్టొద్దన్నది నేను. నానబెట్టింది నేను.

ఆయన్ని మిద్దె మీదికి పిలిచి గిన్నె చెవి దగ్గర పెట్టి ఊపి వినిపించాను. చాలాసేపు విన్నాడు. కిందికి దిగి వాహిద్‌కు ఫోన్ చేసి వీసా కాగితాలు పంపమన్నాడు.

15 ఫిబ్రవరి

క్యారియర్ తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను. కుళ్లాయప్పకు అంచు సంగతి చెప్పాను. నా పనే అని కూడా చెప్పాను. పక్క మంచం వాళ్లు విన్నారు. అతను కట్టు కట్టిన చెయ్యి వైపు చూసుకున్నాడు. తర్వాత అన్నాడు.

"మేం గిన్నెల్ని కరగబెడ్తాంటిమి గానీ, గిన్నె అంటే ఏందో యాడ చూసినాం అక్కా. నువ్వన్నా చూసింటే బాగుండు."

ఇది క్షమించడమో తిట్టడమో ఇంకా తేలలేదు. క్యారియర్ ఖాళీ చేసి ఇచ్చాడు.

17 ఫిబ్రవరి

కొలిమి చల్లగా ఉంది. పాస్‌పోర్ట్ బీరువాలో నా చీరల కింద ఉండేది. ఆయన తీసి బల్ల మీద పెట్టాడు.

19 ఫిబ్రవరి

రేణుకకు నేనే ఫోన్ చేశాను. ఆమె ఎవరినీ తిట్టలేదు. గిన్నెలు తప్పకుండా వేడి చేసి వెయ్యాలని తను ముందే చెప్పి ఉండాల్సిందని అంది. ఆ మాట ఆయనకు చెప్పాను. వినలేదనుకున్నాను.

20 ఫిబ్రవరి

పొద్దున్నుంచి వెల్డింగ్ చప్పుడు. కొలిమి వేడిగాలి బయటికి పోయే గొట్టానికి పైన ఆయన ఇనుప జాలీ అల్మారా బిగించాడు. కడిగిన గిన్నెలు అందులో ఒక పూట ఉండాలి. వృథాగా పోయే వేడికే ఎండుతాయి, ఇంకా మిగిలిన జిడ్డు కాలుతుంది, తర్వాతే మూసలోకి. వేడెక్కి లోపలికి పోతాయి కాబట్టి గ్యాస్ కూడా తగ్గుతుంది.

అంచులు కత్తిరించే పని నాది. రేకు కత్తెరతో గిన్నె గిన్నెకూ చుట్టూ. అంచు ముక్కలు అల్మారాలో అన్నిటికంటే పైన. వేళ్లు బొబ్బలెక్కాయి. రాయడం కష్టంగా ఉంది.

పాస్‌పోర్ట్ ఇంకా బల్ల మీదే ఉంది. దుమ్ము తుడిచి అక్కడే పెట్టాను.

24 ఫిబ్రవరి

మళ్లీ కరిగించారు. కుళ్లాయప్ప లేడు కాబట్టి మూస దగ్గర ఆయనే నిలబడ్డాడు. ప్రతి గిన్నె దించేటప్పుడూ నన్ను గడప అవతలికి పొమ్మన్నాడు. నేను పోలేదు.

ఏమీ పేలలేదు.

27 ఫిబ్రవరి

తనిఖీకి వచ్చారు. ఆఫీసరు సందులో జీపు దిగి పొగగొట్టం వైపు చూసి, మేం వస్తామని పని ఆపేసినారా, ఇట్లయితే తనిఖీ ఏం చెయ్యాల అని విసుక్కున్నాడు.

మా ఆయన అతన్ని లోపలికి తీసుకుపోయి మూత ఎత్తాడు. వేడికి ఆఫీసరు రెండడుగులు వెనక్కి జరిగాడు.

మిషన్లు పెట్టి కొలిచారు. నడుపుకోవచ్చన్నారు. ఆరు నెలల తర్వాత మళ్లీ వస్తారు.

సాయంత్రం ఫోన్‌లో ఆయన గొంతు వినపడింది. "వీసా వద్దులే వాహిద్. ఈడనే శానా వేడిగా ఉండాది."

పాస్‌పోర్ట్ చీరల కిందికి చేరింది.

10 మార్చి

కుళ్లాయప్ప పనిలోకి వచ్చాడు. కుడి చెయ్యి పూర్తిగా చాచలేడు. ఇక మూస ఎత్తడు. గ్యాస్, మూత, అల్మారా చూసుకుంటాడు. కూలి పాతదే ఇస్తామన్నాం. తగ్గిస్తామని ఎవరన్నారని అడిగాడు.

నేను కత్తిరించిన గిన్నె ప్రతిదీ ఎడమ చేత్తో తీసి, చుట్టూ తిప్పి చూసి, అప్పుడే అల్మారాలో పెడుతున్నాడు. చూడమని నేను చెప్పలేదు. చూడొద్దని కూడా చెప్పను.

చిన్నసుబ్బమ్మ మిద్దె మీద తెల్లబట్టలు ఆరేస్తోంది. పొగ పోయింది గానీ పిల్లోని దగ్గు పోలేదంది. ఇంక ఎవరి మీద అర్జీ రాయాల్నో చూస్తాండా అంది.

13 ఏప్రిల్, ఆదివారం

వేంపల్లెలో మా బంధువు ఫరహత్ కూతురి నికా. వంటల దగ్గర కడిగి బోర్లించిన గిన్నె ఒకటి ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. మాట్లాడుతున్నవాళ్లు ఆగి చూశారు.

నీళ్లున్నాయి.