కళ్ళానికి వచ్చిన దొరలు

4 డిసెంబరు 1967, సోమవారం

మంచు దట్టం. పొద్దెక్కినా కొండ కనబడలేదు. పల్లపు మడిలో కోత. నడుం పట్టేసింది.

మధ్యాహ్నం వాల్తేరు నుంచి ఒకాయన వచ్చాడు. మూర్తి గారట, టూరిస్టు ఆఫీసు. కుర్రవాడే. బూట్లు చేత్తో పట్టుకుని ఊరి ముందు పారే గెడ్డ దాటాడు. పరదేశాల వాళ్ళని ఇక మన కొండకి తీసుకొస్తారట. పైనున్న ఇటికల దిబ్బ బుద్ధుడి భిక్షువులు కట్టిందని పుస్తకాల్లో ఉందట. మేం గొడ్లు మేపే చోటు.

5 డిసెంబరు

కోత సగమైంది. మూర్తి గారి మాటలే చెవిలో ఉన్నాయి. విమానం దిగినవాళ్ళలో ఎక్కువమంది ఢిల్లీ, ఆగ్రా చూస్తారట. దక్షిణానికి వచ్చేవాళ్ళు మద్రాసు గుళ్ళకి. "పూరీ చూసి మెయిలు బండెక్కితే మళ్ళీ మద్రాసులోనే కళ్ళు తెరుస్తారండీ. మీ జిల్లా అంతా నిద్రలో దాటిపోతారు."

ఆ మాటకి ఎందుకో కోపం వచ్చింది.

ఈ చలికాలం వ్యాన్లు పంపి చూస్తారట. వచ్చినవాళ్ళు ఇక్కడ నాలుగు డబ్బులు ఖర్చు పెట్టినట్టు తేలితే గెడ్డ మీద వంతెన వేస్తారట. "ఆదాయం లేని చోటికి రోడ్డెవరేస్తారండీ?"

వంతెన అనగానే మా ఆవిడ సూరమ్మ చాట కింద పెట్టి నా వైపు చూసింది. నిరుడు వానల్లో నొప్పులొస్తున్న కోడల్ని మంచం మీద మోసుకుంటూ గెడ్డ దాటించాం. గుండెల దాకా నీళ్ళు. తల్లీ పిల్లా దక్కారు. ఇప్పుడు కోడలు మళ్ళీ నీళ్ళోసుకుంది. ఈసారీ వానల్లోనే.

6 డిసెంబరు

అప్పన్న బావ — సూరమ్మ అన్న — తన కాఫీ హోటలుకి సున్నం కొడుతున్నాడు. "బోర్డు కట్టీమంటావేటి బావా? కాఫీ ఇంత, పెసరట్టు ఇంత అని?"

"ఇంగ్లీషులో ఎవడు రాస్తాడు?"

"అంకెలు సాలు. అంకెలు ఆలకీ తెలుసు, నాకూ తెలుసు."

18 డిసెంబరు, సోమవారం

చలిగాలి. తెల్లవారేసరికి కళ్ళంలో ఎడ్లు తిరుగుతున్నాయి. నూర్పు బాగా సాగింది. గింజ బరువుగా ఉంది, తాలు తక్కువ.

మొదటి వ్యాను వచ్చింది. గెడ్డ అవతల ఆగింది. నా బండీ, మరో రెండు బండ్లూ కట్టి ఇవతలికి తెచ్చాం. జర్మనీ వాళ్ళని డ్రైవరు చెప్పాడు. కొండ చూసి దిగుతూ మా కళ్ళం దగ్గర ఆగారు. పొడుగ్గా ఉన్న ముసలాయన రాశి చుట్టూ తిరిగి, ఒక గింజ కొరికి చూశాడు. రైతేమో.

రాశి దగ్గరికి వచ్చినవాళ్ళని వట్టి చేతులతో పంపం. ఎవరైనా సరే. చాటెడు ధాన్యం పట్టుకెళ్ళాను. ఎందులో పొయ్యాలో ఆయనకి తెలియలేదు — టోపీ తీసి పట్టాడు. పోశాను. తర్వాత వాళ్ళంతా వరసగా టోపీలు తీశారు. టోపీ లేనావిడ గొడుగు తిరగేసి పట్టింది. కళ్ళమంతా నవ్వులు.

ముసలాయన జేబులోంచి నోటు తీశాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"తీసుకో బావా. మనం అడిగినామేటి? ఆయనే ఇస్తన్నాడు." అప్పన్న బావ నా వెనకే గొణిగాడు.

రాశి దగ్గర డబ్బు ముట్టుకుంటారా?

19 డిసెంబరు

సావిడిలో పెద్దలు కూర్చున్నారు. ఒకటే మాట. అంత దూరం నుంచి మన ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళ దగ్గర ఎవరూ ఏమీ పుచ్చుకోకూడదు. బండి కూలి వద్దు. అరటిపళ్ళకి వద్దు. కాఫీకీ వద్దు.

బావ లేచాడు. "నా గేద ఊరికే పాలిస్తాదా? సెట్టి ఊరికే పంచదారిస్తాడా? వంతెనెలా వస్తాది మరి?"

"వంతెన కోసం కాఫీ నీళ్ళు అమ్ముకుంటామేటి" అన్నారొకరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పాలు మా ఇంటి నుంచి పట్టుకెళ్ళమన్నాను. బావ నా వైపు చూడలేదు. అంకెలు వేసిన బోర్డు తిరగేసి పాలకుండ మీద మూత పెట్టుకున్నాడు.

25 డిసెంబరు

రెండో వ్యాను. ఇవాళ వాళ్ళ పండగట. పండగ పూట ఇల్లు వదిలి వచ్చినవాళ్ళని తిండి పెట్టకుండా ఎలా పంపుతాం — సూరమ్మ పట్టు. కొత్తబియ్యం అన్నం, వంకాయ కూర, చోడి అంబలి. అరుగు మీద విస్తళ్ళు. మోకాళ్ళు మడవలేక వాళ్ళ అవస్థ వాళ్ళది. అంబలి మాత్రం మళ్ళీ అడిగారు.

ఉడికిన తాటి తేగలు పెట్టింది. ఒకావిడ పీచుతో సహా నమిలేస్తోంది. సూరమ్మకి నవ్వాగలేదు. "ఓలమ్మ, పీసు కూడా తినీస్తన్నాదే! ఇలాగ్గాదమ్మా, ఇలగ సూడు" — చీల్చి లోపలి లేత మొలక, చందమామ, తీసి ఆవిడ నోట్లోనే పెట్టింది. కన్నకూతురికి పెట్టినట్టు.

చూడ్డానికి బాగుంది. ఊరికంతటికీ బాగుంది.

9 జనవరి 1968

కోటబొమ్మాళి సంతకి వెళ్ళాను. ఎడ్ల బేరం చూస్తుంటే ఒకడు — "దొరలొస్తన్నారట గదా మీ వూరికి? తిండి కూడా మీరే ఎడతన్నారట?"

"పెడతన్నాం" అన్నాను. ఎడ్లు కొనలేదు గాని నిటారుగా నడిచి వచ్చాను.

22 జనవరి

వ్యాను రాలేదు. ఊరంతా రోడ్డు వైపు చూసింది. నేనూ.

29 జనవరి

వచ్చారు. కళ్ళం ఊడ్చేశాం, రాశి లేదు. గాదెలోంచి తీసి పోశాను. టోపీ పట్టాలని వీళ్ళకి ముందే తెలుసు. వాల్తేరు హోటల్లో చెప్పుకుంటున్నారట.

6 ఫిబ్రవరి

నిన్న రథసప్తమి. అప్పన్న బావ అరసవల్లి వెళ్ళి వచ్చాడు. వ్యాన్లు నిన్న అటే వెళ్ళాయట.

"కొబ్బరికాయలు కొంతన్నారు, పటాలు కొంతన్నారు, సోడాలు తాగుతన్నారు. ఇచ్చినోడు ఇస్తన్నాడు, పుచ్చుకున్నోడు పుచ్చుకుంతన్నాడు. ఎవుడి పరువూ పోనేదు బావా."

పెసలు ఎండబెట్టాలి. మబ్బు పట్టింది.

19 ఫిబ్రవరి, సోమవారం

మబ్బు విడిచింది. చెరకు గానుగ దగ్గర పని. బెల్లం రంగు బాగా వచ్చింది.

మూర్తి గారు వచ్చారు. ఈసారి గెడ్డలో నీళ్ళు లేవు, బూట్లతోనే వచ్చారు. సావిడిలో పెద్దలందరూ. వచ్చినవాళ్ళ వల్ల ఊళ్ళోకి ఎంత వచ్చింది అని అడిగారు.

మా ఊరి పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఒక్క పైసా పుచ్చుకోనేదు బాబూ. మేవే ఎట్టినాం. ధాన్యం ఇచ్చినాం, అన్నం ఎట్టినాం, బండి కట్టినాం. ఎక్కడైనా అడగండి."

మూర్తి గారు చేతిలోని కాగితం వైపు చూసుకున్నారు. తర్వాత — "అయ్యో. అదేం పనండీ?"

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. పైవాళ్ళు చూసేది ఎంతమంది వచ్చారు, ఎంత ఖర్చు పెట్టారు అని. అరసవల్లిలో బాగా కనబడింది. ఇక్కడ సున్నా. "వాళ్ళందరూ మీ ఊరి మాటే చెబుతున్నారండీ. నేనే విన్నాను. కానీ ఆ మాటని ఖర్చు కింద ఎలా రాయను?"

నన్ను పక్కకి పిలిచారు. బండికి రూపాయి, కాఫీకి ఇంత, భోజనానికి ఇంత — పుచ్చుకున్నామని నోటితో చెబితే చాలు, తను రాసుకుంటారట. "మీ మంచికేనండీ. వంతెన కోసం."

ఎదురుగా మా ఇంటి అరుగు. కోడలు పెద్దపిల్లకి జుట్టు దువ్వుతోంది.

అన్నం పెట్టి డబ్బు పుచ్చుకున్నామని ఎలా చెప్పను? సూరమ్మ చేత్తో పెట్టింది. ఆ ముసలాయన టోపీ పట్టాడు. అది అమ్మకమా? "లేదు బాబూ, ఏమీ పుచ్చుకోలేదు" అన్నాను. మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే చెప్పాను.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. వచ్చే చలికాలం వ్యాన్లు అరసవల్లి దగ్గరే ఆగుతాయట. బెల్లం అచ్చు ఇచ్చాం. దాని ఖరీదు ఇస్తానన్నారు. నవ్వి ఊరుకున్నాం. ఆయనా నవ్వారు, పాపం.

20 ఫిబ్రవరి

ఎండ. గానుగకి సెలవు.

సూరమ్మతో అంతా చెప్పాను. గిన్నె తోముతూ విన్నది.

"అబద్దం ఆడనేదు గదా?"

"లేదు."

"మంచిదే." గిన్నె బోర్లించి — "ఈసారి మోసీవోల్లు నలుగురు సాలరు. ఆరుగురిని సెప్పుంచు."

సాయంత్రం అటక మీంచి ఆ మంచం దింపాను. నులక వదులైంది. తడిపి బిగించాను. సూరమ్మ దీపం తెచ్చి పట్టుకుంది.

తప్పు చేశానని అనిపించడం లేదు. గెడ్డ వైపు చూస్తే మాత్రం...

21 ఫిబ్రవరి, బుధవారం

మంచు లేదు. గాలి తిరిగింది. పని పెట్టుకోలేదు.

అప్పన్న బావ హోటలు ఎత్తేశాడు. అరసవల్లిలో చిన్న గది దొరికిందట, గుడికి దగ్గరలో. బండి నేనే కట్టాను. బాయిలరు, బల్లలు, పెనం. ఆ బోర్డు కూడా ఎక్కించాడు, అంకెల మీద సున్నం మరకలు తుడిచి. గెడ్డలో ఇసక. చక్రం ఒకచోట దిగబడితే ఇద్దరం కలిసి ఎత్తాం.

రోడ్డు మీద బస్సు పైకి సామానంతా ఎక్కించాక జేబులోంచి రూపాయి తీసి చాపాడు. "బండి కూలి బావా." మొహంలో నవ్వుందో లేదో తెలియలేదు.

చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

మూర్తి గారు మొన్న సాయంత్రమే వెళ్ళిపోయారు. బావ ఈ పొద్దున ఎనిమిది గంటల బస్సుకి వెళ్ళాడు.