పాదాలు ముందుకున్న దయ్యం

1950 జనవరి 8, ఆదివారం
మామగారి సందుగ సర్దాను. అడుగున దయ్యాల కథల పుస్తకం. ఇంగ్లీషు నుంచి తెలుగు చేసినవి, యాభై ఏళ్ల కిందట చెన్నపట్నంలో అచ్చు. ఆయన పోయాక ఎవరూ ముట్టలేదనుకున్నాను. మీద దుమ్ము లేదు. ఎందుకు లేదు?

జనవరి 10
మూడో కథ. పాడుబడ్డ కోట, పై కిటికీలో ముసుగు స్త్రీ, చేతిలో కొవ్వొత్తి, నడుముకు తాళాల గుత్తి... పట్టపగలు కూడా ఒళ్లు జలదరించింది. పేజీ అంచున కొబ్బరినూనె మరక. ఇంట్లో కొబ్బరినూనె రాసుకునేది ఆడబిడ్డ అనసూయ ఒక్కతే.

జనవరి 12
పాత అటవీ బంగళాలో దయ్యం ఉందట. పాలు తెచ్చే ఎల్లవ్వ చెప్పింది. కట్టెలకు కూడా అటు ఎవరూ పోవడం లేదట.
"ముసుగేసుకున్నదమ్మా. చేతిల మోంబత్తి, నడుముకు తాళాలు."
"కాళ్లో?"
"మన లెక్కనే, ముందటికే ఉన్నయ్."
మన దయ్యాలకు పాదాలు వెనక్కి ఉంటాయి. కొవ్వొత్తి సంగతి అసలే ఎరగవు. మానుకోట నుంచి తెచ్చిన కొవ్వొత్తులు ఆరు — డబ్బాలో నాలుగే.

జనవరి 13
అనసూయ బీరకాయలు తరుగుతోంది. కొవ్వొత్తులేమయ్యాయని అడిగాను. తల ఎత్తలేదు.
"సంగం పోరగాండ్లు, ముగ్గురు, బంగ్లల దాగిన్రు. ఒకనికి తొడకు పోలీసు గుండు తాకింది వదినె. వాడు లేచి నడిచేదాంక ఎవరూ అటు పోవద్దు."
దయ్యానికి కాళ్లు వెనక్కి పెట్టాల్సింది అన్నాను.
"పెడితే నేను నడుచుడెట్ల?"
నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఈ డైరీ ఇకనుంచి చింతపండు కుండలో.

జనవరి 15
పోలీసు క్యాంపు సబ్‌ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బెజవాడ వైపు మనిషి. పుస్తకం బల్ల మీదే ఉంది — నా బుద్ధి!
"మీ ఊరి దయ్యం కొవ్వొత్తి పట్టుకుంటుందటగా అండీ. మావైపు దయ్యాలకు అంత నాగరికత లేదు."
కాలక్షేపానికి పుస్తకం అడిగాడు. సగంలో ఉన్నాను, రేపు పంపుతానన్నాను.

జనవరి 16
మూడో కథ ఏడు ఆకులు. బ్లేడుతో మొదలంటా కోసి పొయ్యిలో వేశాను. అట్ట మళ్లీ కుట్టాను. పుటల అంకెలు కలవకపోతే చెదల మీద తోయవచ్చు. జవాను వచ్చి పట్టుకుపోయాడు.

జనవరి 17
బియ్యం ఏరుతుంటే తట్టింది. విషయసూచిక. మొదటి పుటలోనే, వరుసగా కథల పేర్లు. మూడోది — 'కిటికీలో కొవ్వొత్తి'.
అనసూయకు చెప్పాను. కొడవలి, తాడు తీసుకుని కట్టెలకన్నట్టు బంగళా వైపు వెళ్లింది.

జనవరి 18
పుస్తకం తిరిగి వచ్చింది. లోపల చీటీ, గుండ్రటి అక్షరాలు — "మూడో కథ మీ దగ్గరే ఉండిపోయినట్టుంది. సాయంత్రం నేనే వచ్చి వింటాను."
మూడున్నర అయింది. అనసూయ ఇంకా రాలేదు.