అమ్మ పాటలున్న డిస్కు

నరసరావుపేట

చెల్లీ మీరాబీ, నేను కులాసానే, కంగారు పడొద్దు.

అమ్మ పాటలు పుస్తకంగా వేయిస్తానని మన పెద్దన్న ఖాసిం ఇరవై ఏళ్ళ కిందట ఆమె మంచం పక్కన మాట ఇచ్చి మరిచిపోయాడు. ఆ తొంభై పాటలూ నేనే ల్యాప్‌టాప్‌లో ఎక్కించాను. నెల రోజులుగా అది టక్కు టక్కుమంటూ ఆగిపోతోంది. ఇక్కడ షబ్నం అనే ఆమె కంప్యూటర్లు బాగుచేస్తుందంటే తీసుకొచ్చాను. మూత విప్పితే లోపలంతా రాతి పొడి.

"ఏంది తాతా, దీన్ని నాపరాళ్ళ పాలిష్ మిషను పక్కన పెట్టావా ఏంది?"

"మా అన్న షెడ్డులో వేరే బల్ల లేదమ్మా."

"ఆ అదురుకి హార్డ్ డిస్కు దెబ్బతింది. చప్పుడొచ్చినాక మళ్ళీ ఆన్ చేశావా?"

"రోజూ చేశాను. ఆగిపోతే మళ్ళీ చేశాను."

"చానా పుస్తకాలు చదివానంటివే! మిషను సగం చంపితే మిగతా సగం నువ్వు చంపావు."

డిస్కు ఊడదీసి, తన కంప్యూటరుకు తగిలించి, రెండు రోజులు కూర్చుని ఎనభై మూడు పాటలు బయటికి తీసింది. కొత్త డిస్కు వేసింది. ఏడు పాటలు రాలేదు. నేను రాసుకున్న కాగితాలు ఎప్పుడో చెదలు తినేశాయి.

పోయిన ఏడూ కలుపు పాటలే. మిరపచేలో అమ్మ పక్క సాలులో ఉండి వంత పాడింది నువ్వే. గుర్తున్నంతవరకు రాసి పంపు. గుర్తు లేనిచోట ఖాళీ వదిలెయ్, సొంతంగా కల్పించొద్దు.

మోకాలి నొప్పి తగ్గిందా? మొన్నటి వానకు కల్లంలో కాయలు తడిశాయా? పిల్లలకు నా దీవెనలు.

తప్పు నాదేనని షబ్నం తేల్చేసింది. ఆమెకు మాట ఇచ్చి మరిచిన మన ఖాసిం అన్న తెలియడు.

మీ చిన్నన్న